తిరగని డ్రమ్ముకు సన్మానం

గోగులపాడు కాలవగట్టు వీధి చివర, లక్కోజు నాగభూషణం ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. చుట్టుపక్కల పది ఊళ్ల పెళ్లిపీటలు ఆ షెడ్డులోనే పుడతాయి. చెక్క కోసేదీ, చిత్రిక పట్టేదీ, అతికేదీ నాగభూషణం. నునుపు చేసేది అతని భార్య మంగతాయారు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ షెడ్డు మూల కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉంది. ఆ పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకులెవరికీ ఇంతవరకు ఒక్క పుల్ల గుచ్చుకోలేదు. గుచ్చుకోవలసినవన్నీ పిండిపిండై తాయారు ఊపిరితిత్తుల్లో చేరాయి.

"ఈ చెక్కపిండి ఆగితే దగ్గు ఆగుతుంది. అది ఆగకుండా నేనేం రాసిచ్చినా దండగే" అన్నాడు డాక్టరు. ఇంకో ఏడాది ఇలాగే పీలిస్తే మెట్టు ఎక్కడానికి కూడా ఊపిరి ఉండదని నాగభూషణాన్ని పక్కకు పిలిచి చెప్పాడు.

ఎక్కడో మూతపడిన తలుపుల కంపెనీ నుంచి నాగభూషణం ఒక డ్రమ్ శాండరు తెచ్చుకున్నాడు. పాతదే, కానీ గట్టిది. ఉప్పుకాగితం చుట్టిన డ్రమ్ము పైన తిరుగుతూ ఉంటుంది, కింద బల్ల ఉంటుంది. ఇటునుంచి గరుకు పలక పెడితే అటునుంచి నున్నగా వస్తుంది. తాయారు రోజంతా రుద్దే పని దానికి పావుగంట.

దించిన రోజు నుంచి తొమ్మిది రోజులు నాగభూషణం దాన్ని నడపలేదు. కుదురుగా నిలబెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. సిమెంటు దిమ్మె పోసి నాలుగు కాళ్లూ బోల్టులతో బిగించాడు. మీటరు దగ్గర్నుంచి దానికంటూ వేరే వైరు లాగించాడు. షెడ్డు వెనక గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తు వేయించాడు. మోటారు బెల్టుకి రేకు తొడుగు చేశాడు. రెండు చేతులూ పలక మీద ఉన్నా మోకాలితో తోస్తే మిషను ఆగిపోయేలా ఎర్రటి గుండు స్విచ్చు పెట్టించాడు. డ్రమ్ము నెత్తిన మూత కట్టి, దానికి లావుపాటి గొట్టం తగిలించి, పిండినంతా ఒక ఫ్యాను పీల్చి బయట మూతపీపాలో పోసేలా చేశాడు. ఉప్పుకాగితాన్ని వరస మీద వరస ఎక్కకుండా, మధ్యలో సందు లేకుండా చుట్టాడు. సమానమైన రెండు చెక్కముక్కలు డ్రమ్ము కింద రెండు కొసలా పెట్టి, బల్ల ఒకవైపు ఎత్తు ఒకవైపు పల్లం లేకుండా సరిచూశాడు. ఆఖరికి తన పంచె కూడా మార్చాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి ఖాకీ నిక్కరు వేసుకుని, జంధ్యాన్ని బనీనులోకి దోపుకుని షెడ్డులోకి వస్తే తాయారుకి నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి.

"బడికెళ్తన్నారేంటండి" అంది.

"నవ్వు నవ్వు. తలుపుల కంపెనీలో దీన్ని నడిపి చూపిస్తుంటే నా కళ్ల ముందే ఒకడి లుంగీ లాగేసింది. లుంగీతో ఆగింది కాబట్టి సరిపోయింది. నువ్వు కూడా ఇటేపు వచ్చేటప్పుడు కొంగు దోపుకో. పలక పెట్టినప్పుడు ఎదురుగా నుంచోకు, పక్కన నుంచో. వెనక్కి తన్నిందంటే డొక్క విరుగుద్ది."

అంతా అయ్యింది. ఇక పచ్చ బొత్తాం నొక్కడమే. అక్కడే నాగభూషణం కొంప ముంచుకున్నాడు.

లక్కోజువారింట ఒక ఆచారం. కొత్త పనిముట్టు ఏదొచ్చినా మొదటిసారి దాన్ని ఇంటివాళ్లు కదపరు. ఒక పెద్దమనిషి చెయ్యి పడాలి. తాత కొన్న రంపాన్ని కరణంగారు ఆడించాడు. తండ్రి కొన్న బరమాతో మొదటి చిల్లి హెడ్మాస్టరుగారు వేశాడు. మరి దీనికెవరు? వీధి మొగలో గోడ మీద ఒక పోస్టరు కనిపించింది. "గృహ యంత్ర భద్రతా మండలి. శూన్య ప్రమాద సంవత్సరం. మీ భద్రతే మా ఊపిరి." తొమ్మిది రోజులు తను పడ్డ పాటు చూసి మెచ్చుకోగల మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉంటే అది ఆ మండలి అధికారే అనుకున్నాడు నాగభూషణం. కొబ్బరికాయ కొని, వెళ్లి పిలిచి వచ్చాడు.

ప్రాంతీయ భద్రతాధికారి పీతాంబరరావు వచ్చాడు. ఆయన మెళ్లో నీలం తాడు, ఆ తాడుకి బొజ్జ దాకా వేలాడుతూ ఒక గుర్తింపు కార్డు. వెనక సంచీ మోసుకుంటూ అటెండరు గవర్రాజు. గవర్రాజుకి రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. అందువల్ల ఏదీ పట్టించుకోకుండా అన్నీ గమనిస్తున్నాడు.

"బాబుగారూ, తమ చేత్తో ఆ పచ్చ బొత్తాం నొక్కితే..." అన్నాడు నాగభూషణం పసుపూ కుంకుమా పెట్టిన మిషను చూపించి.

"నొక్కుడు తరవాత. ముందు నమోదు" అని పీతాంబరరావు తొమ్మిదో నంబరు ఫారం తీశాడు. "ఆ ఎర్రగా ఉన్నదేమిటి?"

"ప్రమాదం ఏదన్నా వత్తే మోకాలితో తోసేత్తే ఆగిపోద్దండి."

"అనగా ప్రమాదం వస్తుందని నీకు ముందే తెలుసు."

"తెలిసి కాదండి, ఒకవేళ..."

"గవర్రాజూ, రాసుకో. యజమానికి ప్రమాదముపై పూర్వజ్ఞానము కలదు. నేలలోకి పోయే ఆ తీగ?"

"ఎర్తండి. షాకు కొట్టకుండా."

"షాకు కొట్టు అవకాశమును యజమాని స్వయముగా అంగీకరించినాడు. ఆ గొట్టం?"

"పిండి మా ఆవిడ ముక్కులోకి పోకుండానండి."

"హానికర ధూళి ఉత్పత్తి జరుగునని నిర్ధారణ అయినది. సరే. ఇది ముఖ్యం, జాగ్రత్తగా చెప్పు. పదిహేడో కాలమ్. యంత్రము నడుచుచుండగా ప్రమాదము సంభవించు అవకాశము కలదా? కలదు, లేదు. ఏదో ఒకటి."

నాగభూషణం పుట్టి బుద్ధెరిగాక పనిముట్ల గురించి అబద్ధం చెప్పలేదు. "ఏ మిషనుకైనా ఉంటదండి. ఒళ్లు దగ్గరెట్టుకుని నడుపుకోవాలంతే" అన్నాడు.

పీతాంబరరావు 'కలదు' మీద టిక్కు పెట్టి కలం మూశాడు. "నూటపన్నెండు కర్మశాలలు తనిఖీ చేశాను నాగభూషణం. ఒక్కచోట ఇన్ని ప్రమాద చిహ్నాలు చూడలేదు. ఆ మలుపులో పిండిమర ఉందే, దాని బెల్టుకి తొడుగు లేదు, తీగ లేదు, ఎర్ర స్విచ్చు లేదు. ఏ కాలమ్‌లోనూ రాయడానికి ఏమీ దొరకలేదు. పావుగంటలో ధ్రువపత్రం చేతిలో పెట్టి వచ్చాను."

గవర్రాజు లక్క కరిగించి స్విచ్చుబోర్డుకి సీలు వేశాడు. తగరపు బిళ్ల మీద రాసి ఉంది: తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు నడపరాదు.

మూల నుంచి తాయారు అడిగింది. "అయ్యగారూ, అది నడవకపోతే నేను చేత్తో రుద్దాలి కదండి. మరి ఈ పిండి సంగతో?"

"మండలి పరిధి యంత్రాల వరకేనమ్మా. మనిషి పని ఇందులో రాదు. చేతిపనికి ప్రమాదమనే భావనే వర్తించదు."

కొబ్బరికాయ మాత్రం ఆయనే కొట్టాడు. సగం చిప్ప పట్టుకెళ్లాడు.

తరవాత మూడు తనిఖీలు జరిగాయి. మొదటిదాంట్లో ప్రమాద చిహ్నాలు తొలగించమన్నారు. ఎర్ర స్విచ్చు, ఎర్తు తీగ, రేకు తొడుగు, పిండిగొట్టం అన్నీ ఊడదీసి నాగభూషణం ఒక గోనెసంచిలో మూటకట్టాడు. తొమ్మిది రోజుల పని. గంటలో ఊడింది. రెండోదాంట్లో పీతాంబరరావు డ్రమ్ము మీద వేలు పెట్టి చూసి, వెంటనే తీసేసుకున్నాడు.

"గరుకుగా ఉంది."

"ఉప్పుకాగితం కదండి."

"చర్మమునకు హాని. నునుపైనది చుట్టు."

"నునుపుదైతే చెక్క ఎలా నునుపవుద్దండి?"

"చెక్క సంగతి ఏ కాలమ్‌లో ఉందో చూపించు" అన్నాడు పీతాంబరరావు. ఎక్కడా లేదు. మెరూన్ రంగు ముఖమలు గుడ్డ చుట్టారు. మూడో తనిఖీలో, చెయ్యి తగిలితే డ్రమ్ము అంతట అదే కాస్త తిరుగుతోందని కనిపెట్టి, కింద రెండు చెక్కమేకులు దిగ్గొట్టించారు. అప్పుడు ఫారం కొత్తగా నింపారు. ప్రమాద చిహ్నాలు: లేవు. గరుకుదనం: లేదు. కదలిక: లేదు. పదిహేడో కాలమ్‌లో 'లేదు' మీద టిక్కు పడింది. నడిస్తే మళ్లీ కదలిక వస్తుందని స్విచ్చుబోర్డు సీలు మాత్రం అలాగే ఉంచారు.

ఇలాంటి ఫారం మండలి చరిత్రలోనే రాలేదట. ఆ షెడ్డును ఆదర్శ భద్రతా కర్మశాలగా ప్రకటించారు. గుమ్మానికి బోర్డు తగిలించారు. నిక్కరు గౌరవంగా లేదని నాగభూషణానికి పంచె కట్టించి, భుజాన ఉత్తరీయం వేయించి, డ్రమ్ము మీద చెయ్యి వేయించి ఫోటో తీశారు. పై జిల్లాల నుంచి అధికారులు వ్యాన్లలో రావడం మొదలుపెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లు. ముఖమలు మీద చెయ్యి వేసి నిమిరేవాళ్లు.

"ప్రారంభం నుంచి ఇప్పటివరకు ఎన్ని ప్రమాదాలు?" అని వాళ్లు అడగడం.

"శూన్యం" అని పీతాంబరరావు చెప్పడం. అందరూ చప్పట్లు కొట్టడం.

ఒకసారి చప్పట్ల మధ్యలో దగ్గు వినిపించింది. ఆ రోజు వచ్చిన మండలి పెద్దాయన మూలకి తిరిగి చూశాడు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని తాయారు పీట రుద్దుతోంది. కనుబొమలు తెల్లగా ఉన్నాయి.

"ఆమె?"

"ఆమె యంత్రం కాదు సార్" అన్నాడు పీతాంబరరావు.

పెద్దాయనకు ఆ మూల ముచ్చటగా కనిపించింది. శూన్య ప్రమాద సంబరం పది రోజుల్లో ఉంది. వచ్చినవాళ్లకి ఇవ్వడానికి మూడువందల టేకు జ్ఞాపికలు కావాలి. ఆదర్శ కర్మశాలలోనే, ఈ పవిత్రమైన వాతావరణంలోనే తయారు కావాలని అక్కడే ఆదేశించాడు.

"నువ్వు ఆపు తాయారూ, నేను రుద్దుతా" అన్నాడు నాగభూషణం ఆ సాయంత్రం.

"మరి పలకలు కోసేదెవరు? చిత్రిక ఎవరు పడతారు? పెద్దాఫీసు పని, అవకపోతే ఈ షెడ్డుకే సీలేత్తారు." ఆవిడ రుద్దింది. ఆరు రోజుల్లో నలభై అయ్యాయి. నలభయ్యోది చేస్తూ దగ్గు తెర మీద తెర వచ్చి, గోడ పట్టుకుని బయట గట్టు మీద కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. నాగభూషణం వీపు రాస్తూ ఆదర్శ కర్మశాల బోర్డు వైపు చూశాడు. దాన్ని పీకి పొయ్యిలో పెట్టాలనిపించింది. పెట్టలేదు. అతనిది అలాంటి కోపం కాదు. తాయారుది ఏ రకం కోపమో ఆ మర్నాడు తెలిసింది.

తనిఖీ సంచీ ముందుగా తెచ్చి పెట్టడానికి వచ్చిన గవర్రాజుని ఆవిడ ఒక తొమ్మిదో నంబరు ఫారం అడిగింది. "ఎందుకమ్మా?" అన్నాడు గవర్రాజు. "కొత్త మిషను నమోదుకండి" అంది. అతను ఆవిడ మొహం చూసి, సంచీలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఏడో తరగతి చదువుకున్న తాయారు మంచం మీద కూర్చుని, ఒక్కొక్క కాలమ్ గట్టిగా చదువుకుంటూ నింపింది. తిరిగి ఇచ్చినప్పుడు గవర్రాజు ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు, 'అందినది' అనే ముద్ర ఠపీమని కొట్టాడు. ముద్ర పడిన కాగితం ఆ మండలిలో వెనక్కి వెళ్లదు. పైన దేవుడు వచ్చి అడిగినా వెళ్లదు.

జ్ఞాపికలు చూసుకోవడానికి వచ్చిన పీతాంబరరావు చేతిలో గవర్రాజు ఆ ఫారం పెట్టాడు.

యంత్రము పేరు: లక్కోజు మంగతాయారు. వయసు: నలభై తొమ్మిది. చేయు పని: చెక్క నునుపు చేయుట. శబ్దము: దగ్గు. ధూళి: కలదు, లోపలికి. ఎర్ర స్విచ్చు: లేదు. నడుచుచుండగా ప్రమాదము సంభవించు అవకాశము: కలదు.

"ఏమిటిది? మనిషి యంత్రమెలా అవుతుందమ్మా?" అన్నాడు పీతాంబరరావు.

"ఫారం వెనకాల మీరే అచ్చేయించారు కదండి. యంత్రము అనగా విరామము లేక ఒకే పని చేయుచు, ఒక వస్తువు రూపమును మార్చునది ఏదైనను అని. ఇరవై ఆరేళ్లండి. మీరే చెప్పండి, విరామమెక్కడ?"

"అది వేరు, ఇది..."

"మనిషి పని ఇందులో రాదన్నారు మొదటిరోజు. మనిషినంటే రాదు. మిషనంటే వత్తది. అందుకని మిషననే రాసేను."

పీతాంబరరావు నాగభూషణం వైపు చూశాడు. నాగభూషణం పైకప్పు వైపు చూశాడు. గవర్రాజు అప్పటికే లక్క కరిగిస్తున్నాడు.

"పదిహేడులో 'కలదు' ఉందండి. సీలెయ్యకపోతే ఆడిట్లో నా మెడకు కాదు, తమ మెడకే చుట్టుకుంటాది" అన్నాడు.

తాయారు చెయ్యి చాచింది. గాజుల పక్కన దారం కట్టి, లక్క వేసి, తగరపు బిళ్ల తగిలించారు. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు నడపరాదు. ఆవిడ ఉప్పుకాగితం ముక్క నేల మీద పెట్టి, లేచి, గాలి తగిలే చోట కూర్చుంది. ఇరవై ఆరేళ్లలో పొద్దున పదకొండింటికి ఆవిడ ఖాళీగా కూర్చోవడం నాగభూషణం ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు పీతాంబరరావుకి లెక్క తెలిసింది. సంబరం మూడు రోజుల్లో ఉంది. నలభై తయారు. కోసి పెట్టిన ముక్కలు ఓ డజను. మిగతావి ఇంకా పొడుగు పలకల్లోనే ఉన్నాయి.

"నాగభూషణం, నువ్వు రుద్దు."

"నాకూ ఓ ఫారం నింపమంటారాండి?" అన్నాడు నాగభూషణం. ఆ మాట తనేనా అన్నది అని తనకే ఆశ్చర్యమేసింది.

పీతాంబరరావు చొక్కా చేతులు మడిచి తనే కూర్చున్నాడు. మొదటి ముక్క ఉత్సాహంగా రుద్దాడు. రెండోదానికి మీసం తెల్లబడింది. నాలుగోదానికి దగ్గు పట్టుకుంది, ఆపుకుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. తాయారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "మెల్లిగా తాగండి బాబూ. ధూళి వర్తించదు గానీ గొంతుకి అడ్డం పడతది."

నీళ్లు తాగి ఆయన ముఖమలు డ్రమ్ము వైపు తిరిగాడు.

"ఇదైతే ఎంతసేపట్లో చేస్తుంది?"

"రాత్రి భోజనాల వేళకి అవుతాయండి."

ఆయన స్విచ్చుబోర్డు సీలు కత్తిరించాడు. ఎక్కడా రాయలేదు. "ఊఁ, తొందరగా కానీ" అన్నాడు.

"తొందరైతే కుదరదండి" అన్నాడు నాగభూషణం. గోనెసంచి విప్పాడు. పంచె విప్పి నిక్కరు వేసుకున్నాడు. ముఖమలు ఊడబెరికి ఉప్పుకాగితం చుట్టాడు. మేకులు తీశాడు. ఎర్తు బిగించి, గొయ్యిలో రెండు బిందెల నీళ్లు పోశాడు. తొడుగు, గొట్టం, ఎర్ర స్విచ్చు. చెక్కముక్కలు పెట్టి బల్ల సరిచూశాడు. పీతాంబరరావు కోసిపెట్టిన చిన్న ముక్క ఒకటి పట్టుకుని ముందుకొచ్చాడు.

"చిన్నముక్క పెట్టకూడదండి, ఎగిరొచ్చి కొడతాది. పొడుగు పలకలు పంపి తరవాత కోసుకుంటా. అలా ఎదురుగా నుంచోకండి. పక్కకి. మెళ్లో ఆ తాడు తీసెయ్యండి."

"ఇది మండలి గుర్తింపు కార్డయ్యా."

"డ్రమ్ముకి చదువు రాదండి. తాడుంటే లాక్కుంటది. ఈ షెడ్డు మొత్తానికి ఇప్పుడు ప్రమాదమంటూ ఉంటే అదొక్కటే."

పీతాంబరరావు తాడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పక్కకి జరిగాడు. నాగభూషణం చేతులు తుడుచుకుని అన్నాడు. "ఇప్పుడు నొక్కండి బాబుగారూ. పచ్చది."

పెద్దమనిషి చెయ్యి పడింది. డ్రమ్ము గుర్రుమని తిరిగింది. పలక ఇటునుంచి వెళ్లి అటునుంచి అద్దంలా వచ్చింది. పిండి గొట్టంలోంచి సర్రుమంటూ పీపాలోకి పోయింది. గుమ్మంలో నిలబడి తాయారు అలవాటుగా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

సంబరం బ్రహ్మాండంగా జరిగింది. ఒక్క గంట కూడా నడవనందుకు డ్రమ్ముకి శాలువా కప్పారు. జ్ఞాపికను నిమిరి పెద్దాయన, "చేతిపని అంటే ఇదీ. ఏ యంత్రం చెయ్యగలదు?" అన్నాడు. అందరికన్నా గట్టిగా పీతాంబరరావే చప్పట్లు కొట్టాడు.

మళ్లీ సీలు వేద్దామంటే ఒక చిక్కు. వెయ్యాలంటే ముందు అది తెగిందని రాయాలి. ఎవరు తెంచారని రాయాలి. పుస్తకంలో సీలు భద్రంగా ఉంది కాబట్టి మిషను మీద లేకపోయినా పర్వాలేదనుకున్నారు. నాగభూషణం పీటల పలకలు డ్రమ్ము కింద పంపిస్తూనే ఉన్నాడు. పీతాంబరరావు నెలకోసారి వస్తాడు. గడప దగ్గరే మెళ్లో తాడు తీసి జేబులో పెట్టుకుంటాడు. పక్కకి నిలబడి, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు చించుకుంటాడు.

"నడవడం లేదు కదా?"

"లేదండి" అని నాగభూషణం అంతకంటే గట్టిగా అరుస్తాడు.

యంత్రము నిశ్చలస్థితిలో కలదు, అని ఆయన రాసుకుంటాడు.

ఏడాది ముగింపు నివేదిక వేళ ఆయనకో ఇబ్బంది వచ్చింది. ప్రాంతం మొత్తంలో సీలు పడి, పదిహేడులో ఇంకా 'కలదు' అనే ఉన్న యంత్రం ఒకటే మిగిలింది. అది వెనకగట్టు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గాజుల పక్కన తగరపు బిళ్ల మెరుస్తోంది. వీధిలో ఎవరైనా ఈ పలక కాస్త రుద్దిపెట్టవా అంటే "నాకు సీలుందండి" అని చెయ్యి చూపిస్తుంది. ఈ ఆర్నెల్లలో దగ్గు పల్చబడింది. గట్టు మెట్లు ఆగకుండా ఎక్కుతోంది.

పీతాంబరరావు వచ్చి పక్కన నిలబడ్డాడు. వెనక గవర్రాజు కత్తెరతో సిద్ధంగా ఉన్నాడు.

"ఆ సీలు తీసేద్దామమ్మా. ఇప్పుడు నువ్వు రుద్దవలసిన అవసరం ఎలాగూ లేదు కదా. పనంతా ఆ మిషనే చేస్తోంది."

తాయారు గింజలు పక్కకి పెట్టి తలెత్తింది.

"ఏ మిషనండి?"

షెడ్డులో డ్రమ్ము గుర్రుమంటోంది. పీతాంబరరావు అటు చూశాడు. చేతిలో పుస్తకం చూశాడు. అప్పుడే రాసిన సిరా ఇంకా ఆరలేదు.

గవర్రాజు కత్తెర తిరిగి సంచీలో పెట్టేశాడు.